మాటలు పిండే ఫోనక్క

ఫైర్ స్టేషన్ కంట్రోల్ రూములో ఫోనెత్తే ఆవిడని అందరూ ఫోనక్క అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, అది హాజరు పట్టీ దాటి ఎప్పుడూ బయటికి రాలేదు. పట్టుకుని పట్టుకుని రిసీవరు ఒక పక్క అరిగిపోయిందని, ఆవిడ చెవి కూడా మెల్లగా రిసీవరు ఆకారంలోకి తిరిగిపోయిందని స్టేషన్ వాళ్ళు ఒట్టేసి మరీ చెబుతారు. చెవి సంగతేమో గానీ, ఆవిడ పనితనం మాత్రం అబద్ధం కాదు.

పని చెప్పుకోడానికి చిన్నదే. ఫోను మోగితే ఎత్తాలి, విషయం కనుక్కోవాలి, కింద బండి వాళ్ళకి మైకులో చెప్పాలి. కానీ కంగారులో ఉన్న మనిషి తిన్నగా ఎక్కడ మాట్లాడతాడు? పొయ్యి మీద గుడ్డ అంటుకుంటే ఊరు తగలబడిందంటాడు. అటకమీంచి పొగొస్తే ఆకాశం కూలిందంటాడు. ఆ మాటల్ని ఫోనక్క తడిబట్టని పిండినట్టు పిండేది. స్టేషన్‌లో ఆ పనికి పేరే 'పిండడం'.

"మా వీధి మొత్తం నరకమైపోయిందండీ! ఆకాశం కనబడ్డం లేదు!"

"ఏం కాలుతోంది?"

"అన్నీ!"

"అన్నిట్లో ముందేది?"

"చెత్తకుండీ..."

"పక్కనేముంది?"

"స్కూటరుందండీ. నాదే."

"మనుషులు?"

"నేనున్నాను!"

"మీరు కాస్త వెనక్కి జరగండి."

ఆ వెంటనే మైకులో గొంతు వినిపించేది: "చెత్తకుండీ. పక్కన స్కూటరు. మనుషులు క్షేమం. చిన్న బండి చాలు." అంతే. నరకం, ఆకాశం అన్నీ పిండిన నీళ్ళలా కాలవలో పోయేవి.

చిక్కేమిటంటే ఆవిడ పిండడం డ్యూటీతో ఆగలేదు. ఇంటికొచ్చి కూడా పిండేది. ఇంట్లో ఉన్నది ఎవరనుకున్నారు? అత్తగారు. ఆ తల్లి నోట్లోంచి ఉన్నదున్నట్టు ఒక్క మాట వస్తే ఆ రోజు సూర్యుడు పడమటే పొడుస్తాడు. వీధి కుళాయి దగ్గర నలుగురు నిలబడితే ప్రపంచమంతా అక్కడే ఉందనేది. దోమ కుడితే రక్తం మొత్తం తోడేసిందనేది.

"అమ్మాయ్, నీ కోసం చూసి చూసి నా కళ్ళు కాయలు కాచాయే! ఆకలికి పేగులు మెలిపడి తాళ్ళైపోయాయి!"

"ఆకలి. వంట ఇంకాసేపట్లో," అనేది ఫోనక్క చెప్పులు విప్పుతూ.

అత్తగారికి ఒళ్ళు మండేది. "ఏంటే ఆ మాట? నేను ఇంత చెబితే నువ్వు ఇంతే అంటావా? నీతో మాట్లాడ్డం కన్నా గోడతో మాట్లాడ్డం నయం. గోడైనా ఊఁ అంటుంది." నిజానికి ఆ ఇంట్లో ఊఁ అనేది గోడ కాదు, ఫోనక్క మొగుడు. కరెంటు మిస్త్రీ. పెళ్ళి రోజున ఊఁ అన్నాడు, అప్పట్నుంచి అదే సాగదీస్తున్నాడు.

ఇలా ఎవరి దోవన వాళ్ళు బతుకుతుంటే, కంట్రోల్ రూము ఇన్‌చార్జి కుర్చీ ఖాళీ అవుతోందని కబురొచ్చింది.

ఆ కుర్చీ అంటే ఫోనక్కకి ఎందుకంత మోజో చెప్పాలి. హోదా కోసం కాదు. ఇన్‌చార్జికి ఎప్పుడూ పగలే డ్యూటీ. ఫోనెత్తేవాళ్ళకి మాత్రం షిఫ్టులు మారుతుంటాయి. కొలువులో చేరినప్పట్నుంచి ఫోనక్క సగం జీవితం పగలు పడుకుంది. కళ్ళ మీద తువ్వాలు కప్పుకుని, పక్క గదిలో అత్తగారి టీవీ, వీధిలో కూరగాయల బండి వాడి కేక, ఎదురింట్లో మిక్సీ మోతల మధ్య పడుకుంది. అది నిద్ర కాదు, నిద్రకి కాపలా. నలుగురితోపాటు చీకటి పడ్డాక పడుకుని తెల్లారాక లేవాలని, ఆ తువ్వాలుని ముక్కలు చేసి ఇల్లు తుడవాలని ఆవిడ కోరిక. అంతకన్నా పెద్ద కోరిక ఆ మనిషికి ఇంకోటి లేదు.

కుర్చీకి డిగ్రీ ఉండాలట. ఫోనక్క ఇంటి దగ్గర్నుంచే చదివే పద్ధతిలో డిగ్రీ కట్టింది. అన్నీ పాసయింది. ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది, గొంతులో ఎముకలాగ. పక్క బల్ల దగ్గర ఫోనెత్తే కుర్రాడున్నాడు, ఎప్పుడూ ఈల వేస్తుంటాడు కాబట్టి వాడి పేరు ఈల. వాడికి డిగ్రీ ఎప్పుడో వచ్చేసింది. ఈసారి ఫలితాల్లో ఫోనక్క పాసయితే కుర్చీ ఆవిడది, లేకపోతే వాడిది. సూపరింటెండెంటు అంత స్పష్టంగా చెప్పాక ఇక అందులో పిండడానికేమీ లేదు.

ఇంతకుముందు ఎక్కడ తప్పిందంటే, పద్యాల దగ్గర. ప్రశ్నాపత్రంలో ఒక పద్యం ఇచ్చారు. ప్రియురాలు వదిలేసి వెళ్తే కవి ఏడుస్తున్నాడు: నా గుండె తగలబడుతున్న ఇల్లు, ఆర్పే నాథుడు లేడు. ఈ పంక్తుల్లోని అందం వివరించండి అని ప్రశ్న. ఫోనక్క చక్కటి ఇంగ్లీషులో రాసింది: "ఇక్కడ ఏదీ తగలబడటం లేదు. మనిషికి దిగులుగా ఉంది. బండి అక్కర్లేదు." ఇంకో పద్యంలో చంద్రుడు సిగ్గుపడుతూ గదిలోకి తొంగి చూశాడని ఉంటే, "కిటికీ తెరిచి ఉంది" అని రాసింది. దిద్దినాయన సున్నా చుట్టిన తీరుకి కాగితం చిరిగిందని వినికిడి.

ఇలా కాదని ఈసారి ట్యూషన్‌లో చేరింది. సైకిల్ షాపు మీద గది. కింద ట్యూబుల్లోంచి గాలి సుయ్‌మని పోతుంటుంది, పైన పిల్లల ప్రాణాలు అలాగే పోతుంటాయి. మాస్టారు ఫోనక్క కన్నా చిన్నవాడే, కానీ సుద్దముక్కలతో పోట్లాడి పోట్లాడి జుట్టు తెల్లబడింది. మొదటి రోజే బోర్డు నిండా రాసేశాడు. సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్, హైపర్బోలీ, ఐరనీ, ఆక్సీమోరాన్. ఆఖర్న ఆనమాటోపియా. ఆ చివరి పేరు పలికేలోపు కింద వాడు ఒక సైకిలు పంచరు వేసి పంపించేశాడు.

"ఇవన్నీ మందుల పేర్లలా ఉన్నాయి సార్," అంది ఫోనక్క.

"స్కూల్లో ఉపమాలంకారం, రూపకం, అతిశయోక్తి చదవలేదా మేడమ్? అవే ఇవి."

"చదివాను సార్. పరీక్ష అవగానే అక్కడే వదిలేసి వచ్చాను."

పేర్లు బట్టీ పట్టడం ఆవిడకి కష్టం కాలేదు. ఊళ్ళో ప్రతి సందు పేరూ, ప్రతి మలుపులో ఉన్న కొట్టు పేరూ నోటికొచ్చిన మనిషికి ఇవొక లెక్కా? కష్టమంతా వాక్యం ఎదురుగా పెట్టాక. మాస్టారు ఒక పంక్తి రాసేవాడు, ఫోనక్క కళ్ళు దాన్ని చూసేలోపే చేతులు పిండేసేవి.

"'ఆమె నవ్వు వెన్నెల.' ఇదేంటి మేడమ్?"

"ఆవిడ నవ్వింది సార్."

"అది కాదు!"

"పళ్ళు తెల్లగా ఉన్నాయి."

"అదీ కాదు!"

"మరింకేం జరిగింది సార్ అక్కడ?"

వెనక బెంచీ పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. మాస్టారు మాత్రం బెంచీ మీద కూలబడ్డాడు. "మేడమ్, కవి కష్టపడి కట్టిన చీరంతా విప్పేసి, మీరు లోపల బొమ్మని చూపిస్తున్నారు. కట్టిన తీరు గురించి చెప్పమంటే బొమ్మ గురించి చెబుతారేంటి?"

ఫోనక్క పుస్తకం మూసింది. "అంటే సార్, నేను పిండి కాలవలో పారబోసేదే మీకు కావాలా?"

"అదే కావాలి! నీళ్ళే కావాలి మేడమ్. బట్ట ఎవడిక్కావాలి!"

ఆ మాటకి ఆవిడకి వచ్చిన ఉక్రోషం ఇంతా అంతా కాదు. ఇన్నేళ్ళు పారబోసిన నీళ్ళకి మార్కులట! మరి ఆ లెక్కన ఎన్ని నదులు పారబోసి ఉంటుంది? ఇంటికెళ్తూ దారి పొడుగునా తనలో తాను గొణుక్కుంది. కుర్చీకీ దీనికీ సంబంధమేంటి? ఇల్లు కాలుతున్నవాడు ఫోన్ చేస్తే నీది సిమిలీయా మెటఫరా అని అడగాలా? కానీ ఎవర్నడుగుతుంది? రూలు పెట్టినవాడెవడో ఏ గదిలో ఉన్నాడో, వాడు రాత్రిళ్ళు హాయిగా పడుకుంటున్నాడు.

మాస్టారు ఒక చిట్కా చెప్పాడు. "మీ చుట్టుపక్కల మనుషుల మాటలు వినండి. పిండకండి. చేతులు కట్టుకుని వినండి. విన్నదానికి పేరు పెట్టండి, చాలు."

చుట్టుపక్కలంటే ఇంకెవరు? గని ఇంట్లోనే ఉంది.

మర్నాడు అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి మొదలెట్టింది. "అబ్బో, మహారాణీవారు అప్పుడే లేచారే! ఇంకాస్త పడుకోవాల్సింది, సాయంత్రం దాకా!"

"ఐరనీ," అంది ఫోనక్క గిన్నె తోముతూ.

"నా మోకాలు పిండి పిండైపోయింది. పట్టించుకునే దిక్కుందా?"

"హైపర్బోలీ."

"ఈ ఇల్లు నన్ను మింగేస్తోందే!"

"పర్సానిఫికేషన్."

అత్తగారు ఆగింది. నడుం మీద చెయ్యి పడింది. "ఏంటే ఆ తిట్లు? ఇంగ్లీషులో తిడితే నాకు తెలీదనుకున్నావా?"

"తిట్లు కాదత్తయ్యా. మీరనే మాటలకి పేర్లు."

"నా మాటలకి పేర్లా? ఎవరు పెట్టారు?"

"ఎప్పుడో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు."

"నన్నడక్కుండానే!"

కోపంగానే అంది గానీ, ఆ రోజంతా ఆవిడ కాళ్ళు నేల మీద నిలవలేదు. సాయంత్రం ఎదురింటావిణ్ణి పిలిచి మరీ చెప్పింది. "నాకు హైపర్బోలీ ఉందట వదినా." ఎదురింటావిడ బుగ్గ నొక్కుకుంది. "అయ్యో రామ, మందులు వాడుతున్నావా?" "మందులేంటి నీ మొహం! నా నోట్లోంచి ఏమొచ్చినా పరీక్షలో అడుగుతారు. మా కోడలు పాసయితే అందులో సగం నాదే."

అక్కడ్నుంచి ఆవిడ బేరాలు మొదలెట్టింది. ఊరికే మాట్లాడ్డం మానేసింది. "ముందు టీ, తర్వాత మెటఫర్," అనేది కుర్చీలో కాళ్ళు చాపుకుని. ఫోనక్క డ్యూటీ దిగొచ్చి, కళ్ళు మూతలు పడుతున్నా పొయ్యి వెలిగించి టీ పెట్టేది. ఒక టీ తాగితే ఒక మాట. మంచి మాటైతే ఇంకో టీ. ఆ ఇంట్లో టీపొడి డబ్బా వారం తిరక్కుండా అడుగంటేది.

పోనీ మాటలైనా సరిగ్గా వచ్చాయా అంటే, అదీ లేదు. పేరుందని తెలిశాక ఆవిడ సహజంగా మాట్లాడ్డం మర్చిపోయింది. గాలిలా వచ్చే మాటలు ఇప్పుడు ముక్కి మూలిగితే గానీ రావడం లేదు.

"నా మోకాలు... ఉండవే... నా మోకాలు ఒక... పర్వతం."

"మోకాలు పర్వతం ఏంటత్తయ్యా?"

"ఏదో ఒకటి రాసుకోవే!"

"నిన్న పిండి పిండైందన్నారు కదా, అది బాగుంది."

"అది నిన్నటిది. రోజూ ఒకటే అంటే నా పరువేం కాను?"

ఫోనక్క తల గోడకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. పరీక్ష దగ్గర పడుతోంది, నిద్ర లేదు, డ్యూటీ తప్పదు. అత్తగారి చేత అలంకారాలు చెప్పించడంలో పడి కూర మాడినా తెలియడం లేదు. మొగుణ్ణి అడిగింది. "ఏమండీ, మీరైనా ఒకటి చెప్పండి. ఏదైనా పోలిక." ఆయన స్క్రూడ్రైవరు కిందపెట్టి, బుర్ర గోక్కుని, గంభీరంగా ఆలోచించి, "ఊఁ," అన్నాడు.

కానీ మెల్లమెల్లగా చేతులు మాట వినసాగాయి. పిండకుండా ఆగడం అలవాటైంది. వినగానే పేరు తన్నుకొచ్చేది. ట్యూషన్‌లో మాస్టారు అడిగినవన్నీ టపటపా చెప్పేసింది. వెనక బెంచీ వాళ్ళు నవ్వడం మానేసి ఆవిడ పక్కన చేరారు. మాస్టారు సంతోషం పట్టలేక ఒక కొత్త సుద్దముక్క విరగ్గొట్టాడు.

అదే అలవాటు ఒకరోజు కంట్రోల్ రూములో బయటపడింది. ఎవరో ఫోన్ చేశారు. "పొగ పాములా మెట్లెక్కుతోందండీ!"

"సిమిలీ," అంది ఫోనక్క.

"ఏంటండీ?"

"ఏం లేదు... ఏ మెట్లు? ఏ అంతస్తు?"

ఒక్క ఊపిరి ఆలస్యం. అంతే. బండి వేళకే వెళ్ళింది, పాత పరుపొకటి కాలింది, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పక్కనే ఉన్న ఈల విన్నాడు. ఈల ఆపి ఆవిడ వంక చూశాడు. బండి నడిపే బాబాయ్ తిరిగొచ్చాక అన్నాడు, "ఏంటమ్మా, నువ్వు చెప్పేది విని బండి తియ్యాలా, మార్కులెయ్యాలా?" అందరూ నవ్వారు. ఫోనక్క కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు పెదవులు దాటి లోపలికి పోలేదు.

పరీక్ష రోజు వచ్చింది. పొద్దున్నుంచి ఇల్లు ఇల్లులా లేదు. కోడలి కన్నా అత్తగారికే కంగారెక్కువ. గుక్కకొక టీ తాగుతూ అటూ ఇటూ తిరిగింది. టిఫిను ముట్టలేదు. మొగుడు ఊఁ అని దీవించి పనికెళ్ళాడు. ఫోనక్క పెన్నులు చూసుకుని, హాల్ టికెట్ చూసుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అమ్మాయ్, గుండె మీద బండ పెట్టినట్టుందే."

ఫోనక్క మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్ళకి అత్తగారి నోట్లోంచి ముక్కకుండా మూలక్కుండా ఒక మాట వచ్చింది! "సిమిలీ! పెట్టినట్టుంది అన్నారు కదా, పోలిక ఉంది కాబట్టి సిమిలీ! చాలా బాగుందత్తయ్యా. వస్తాను."

"అలాగా," అంది అత్తగారు. అంతే అంది.

బస్సు దొరికింది. హాలు దొరికింది. కాలేజీలో పొడుగాటి గది, బల్ల మీద ఎవరో ఎప్పుడో చెక్కిన గీతలు, పైన గరగరమంటూ తిరిగే ఫ్యాను. ప్రశ్నాపత్రం చేతికి రాగానే ఫోనక్క ముందు అలంకారాల భాగమే తీసింది. దాని మీదే కదా ఇన్నాళ్ళ కక్ష. పెన్ను ఆగలేదు. మెటఫర్, హైపర్బోలీ, ఐరనీ... రెండు మైళ్ళ పొడుగున్న ఆనమాటోపియా కూడా ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాసింది. ఇవాళ నిన్ను పాతాళానికి తొక్కేస్తానే అనుకుంది లోపల్లోపల.

ఆ భాగంలో చివరి పంక్తి: దుఃఖం నా రొమ్ము మీద బండలా కూర్చుంది.

సిమిలీ అని రాసింది. తర్వాతి భాగానికి పోవాలి కదా, పెన్ను పోలేదు. హాలంతా నిశ్శబ్దం. అరిచేవాళ్ళు లేరు, టీ అడిగేవాళ్ళు లేరు. ఇన్ని రోజులకి మొదటిసారి ఆవిడ బుర్రకి ఊపిరాడింది. ఊపిరాడగానే అది తన పాత పని తను చేసుకుంది. పిండింది.

పొద్దున అత్తగారు గుమ్మం ఊరికే పట్టుకోలేదు, వేళ్ళు తెల్లబడేలా పట్టుకుంది. రెండో చేత్తో రొమ్ము రాసుకుంటోంది. పై పెదవి మీద చెమట. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మాట అన్నాక టీ అడగలేదు. ఏ రకమే ఇది అని అడగలేదు. అలాగా అంది. ఆ మనిషి జన్మలో ఒక్క మాటతో ఊరుకుందా?

ఫోనక్క చెయ్యి తనంతట తానే జవాబు కాగితం మీద సిమిలీ పక్కన ఇంగ్లీషులో రాసేసింది: "ఎప్పట్నుంచి? ఎడమ చెయ్యి కూడా లాగుతోందా? పక్కన ఎవరున్నారు?"

ఎవరూ లేరు. ఇంట్లో ఒక్కతే.

లేచి నిలబడింది. కాపలా ఉన్న లెక్చరరు దగ్గరికొచ్చాడు. "ఏంటమ్మా?"

"నేను వెళ్ళాలి సార్."

"సగం టైమయ్యే దాకా ఎవర్నీ వదలం. కూర్చో."

"మా అత్తయ్యకి గుండె మీద బండ పెట్టినట్టుంది సార్!"

ఆయన ప్రశ్నాపత్రం తీసుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఉంది కదమ్మా, ఆఖరి పంక్తి. దాని పేరు రాస్తే చాలు."

"అది కాదు సార్! మా అత్తయ్య! ఇంట్లో!"

"అలా అరవకు. పేపరిచ్చేసి వెళ్తే వెళ్ళు. మళ్ళీ లోపలికి మాత్రం రానివ్వను. ఆలోచించుకో. ఇంకా వ్యాసం, ఉత్తరం, అన్నీ ఖాళీగా ఉన్నాయి."

ఫోనక్క ఆ ఖాళీ కాగితాల వంక చూసింది. అవి తెల్లగా, ఉతికి ఆరేసిన దుప్పట్లలా ఉన్నాయి. ఎన్ని రాత్రుల నిద్ర ఆ తెలుపులో ఉందో ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలీదు. పేపరాయన చేతిలో పెట్టి పరుగెత్తింది. ఆ పరుగుకి వరండాలో నోటీసులు బోర్డు మీంచి లేచి ఎగిరాయంటారు.

కాలేజీ ఆఫీసులో ఫోను లాక్కుని తన స్టేషన్‌కే చేసింది. ఎత్తింది ఈల.

"ఒరేయ్! నా కొంప మునిగిపోయిందిరా! అంతా అయిపోయింది! నా చేతులతో నేనే చంపేసుకున్నానురా!"

అవతల ఈల వెయ్యలేదు. "అక్కా. ఎవరికి?"

"భూమి తిరిగిపోతోందిరా నాకు!"

"అక్కా, ఎవరికి?"

"అత్తయ్యకి."

"ఎక్కడ?"

"ఇంట్లో. ఒక్కతే ఉంది."

"ఏమైంది?"

"రొమ్ములో బరువు. చెమట. పొద్దున్నుంచి."

"తలుపు తీసుంటుందా?"

"గడియ పెట్టదు."

"సరే. నువ్వు కదలకు... కాదు, నువ్వు ఆస్పత్రికే రా." ఫోను పెట్టేలోపే మైకులో వాడి గొంతు వినిపించింది: "పెద్దావిడ. ఛాతీలో బరువు, చెమట. ఒంటరి. అక్క వాళ్ళిల్లు. అంబులెన్సు." పిండడంలో తప్పు పట్టడానికి ఫోనక్కకి ఒక్క అక్షరం దొరకలేదు.

ఆస్పత్రికి చేరేసరికి అత్తగారు మంచం మీద దిండుకానుకుని కూర్చుని ఉంది. రొమ్ము మీద తీగలు. ఎదురుగా చిన్నపిల్లలా ఉన్న డాక్టరమ్మ.

"అన్నీ చూశామండీ. గుండె శుభ్రంగా ఉంది. గ్యాసు."

ఫోనక్క గోడ పట్టుకుంది. "గ్యాసా?"

అత్తగారికి మాత్రం పౌరుషం ముంచుకొచ్చింది. "గ్యాసేంటి? నా గుండె నొప్పిని పట్టుకుని గ్యాసంటుందేంటే ఈ పిల్ల? ఇంత హడావిడి చేసి, అంబులెన్సెక్కించి, వీధి వీధంతా చూస్తుండగా తీసుకొచ్చి, చివరికి గ్యాసా?"

"ఖాళీ కడుపుతో టీలు తాగుతారా మామ్మగారూ?" అంది డాక్టరమ్మ. "రోజుకి ఎన్ని?"

"ఒకటో అరో."

"ఒక్కో మెటఫర్‌కి ఒకటి," అంది ఫోనక్క.

"ఏంటండీ?"

"చాలా తాగుతుంది డాక్టరమ్మా. నేనే పెట్టిచ్చాను."

"ఏదేమైనా మంచి పని చేశారు. ఇలాంటప్పుడు అనుమానిస్తే తప్పు లేదు." అంటూ డాక్టరమ్మ వెళ్ళిపోయింది. మంచి పనట! ఫోనక్క వరండాలోకొచ్చి బెంచీ మీద కూలబడింది. ఎవర్ని తిట్టాలి? అత్తగారిని తిడదామంటే ఆవిడ జీవితంలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పింది. బండలా ఉందంది, బండలాగే ఉంది. తనని తాను తిట్టుకుందామంటే, ఆగి అడిగి ఉంటే గుమ్మంలోనే తేలిపోయేది. ఒక మాత్ర వేసి పరీక్షకెళ్ళేది. నాలుగు ప్రశ్నలు! ఇన్నేళ్ళుగా ముక్కూ మొహం తెలీని వాళ్ళందర్నీ అడిగిన ఆ నాలుగు ప్రశ్నలే సొంత ఇంట్లో అడగలేదు. ఏడుపొస్తే బాగుండేది, అదీ రాలేదు. చేతిలో హాల్ టికెట్ నలిగి ఉండైపోయింది.

కాసేపటికి లోపల్నుంచి పిలుపొచ్చింది. వెళ్ళింది.

"పరీక్ష?" అంది అత్తగారు.

"అయిపోయింది."

"బాగా రాశావా?"

"రాసినంతవరకు."

అత్తగారు ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఈవిడేం తక్కువ తినలేదు, కోడలి దగ్గర్నుంచి కాస్త పిండడం పట్టుబడింది. మొహం గోడ వైపు తిప్పుకుని పడుకుంది.

ఫలితాలొచ్చాయి. ఇంగ్లీషు తప్పింది. మాస్టారికి తెలిసినాయన ఒకడు పేపర్లు దిద్దే చోట ఉన్నాడు. మాస్టారు ఆయన్ని కనుక్కుని వచ్చి చెప్పాడు. అలంకారాల భాగంలో ఫోనక్కకి పూర్తి మార్కులు! హాలు మొత్తంలో ఇంకెవరికీ రాలేదట. చివరి జవాబు పక్కన రాసిన ప్రశ్నలకి మాత్రం దిద్దినాయన ఎర్ర సిరాతో 'ఎవరికి?' అని రాశాడట. "నిజంగా బంగారం మేడమ్ మీరు," అన్నాడు మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ. "మెటఫర్," అంది ఫోనక్క చెప్పులేసుకుంటూ. కింద సైకిలు ట్యూబులోంచి గాలి సుయ్‌మంది.

కుర్చీ ఈలకి వెళ్ళింది. వాడు ఆ రోజు ఆవిడ ఎదురుగా కూర్చోడానికి మొహమాటపడి సగం పూట నిలబడే ఉన్నాడు. "కూర్చోరా, కుర్చీ కరవదు," అంది. పరీక్ష మళ్ళీ వచ్చే ఏడు రాయొచ్చు. కానీ కుర్చీ ఖాళీ అవాలంటే ఈల రిటైరవ్వాలి, వాడికింకా మీసాలే పూర్తిగా రాలేదు.

ఇంట్లో ఇంకో తలనొప్పి. అత్తగారు తప్పంతా తన నోటిదేనని తీర్మానించుకుని మాటలు మానేసింది. మానేస్తే పోయేది, తిన్నగా మాట్లాడ్డం మొదలెట్టింది. "ఆకలి. కొంచెం." "మోకాలు. ఎడమది. నిన్నటి కన్నా నయం." ఫోనక్కకి ఎవరో పరాయి మనిషి ఆ చీర కట్టుకుని ఇంట్లో తిరుగుతున్నట్టుండేది. "అత్తయ్యా, మీ పద్ధతిలో మీరు మాట్లాడండి, మీకు పుణ్యముంటుంది," అని బతిమాలింది. "వద్దమ్మా," అనేది అత్తగారు. టీ కూడా ముట్టడం మానేసింది.

ఒకరోజు రాత్రి డ్యూటీ దిగి వచ్చి పొద్దున్నే ఫోనక్క పడుకుంది. అదే మంచం, అదే వెలుతురు, కళ్ళ మీద అదే తువ్వాలు. ఎదురింటి మిక్సీ ఆగింది. టీవీ మోగడం లేదు. ఏ లోకంలోంచో నిద్ర మెల్లగా గుమ్మం దాకా వచ్చింది. అంతలో వీధిలో కూరగాయల బండి వాడు గొంతెత్తాడు.

వాడి కేక సగంలో ఉండగానే ఇంకో గొంతు లేచింది. ఇల్లు పునాదులతో సహా ఊగిపోయింది.

"ఒరేయ్! నోరు ముయ్యరా! నీ గొంతు కోసి కాకులకెయ్యా! మా కోడలు పడుకుందిరా! అది నిద్రపోయి యుగాలైందిరా! ఇంకోసారి అరిచావంటే భూమి రెండు ముక్కలవుతుంది, నువ్వూ నీ బండీ అందులో పడి మాడి మసైపోతారు, జాగ్రత్త!"

కుక్కలు మొరిగాయి. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. ఎవరి పిల్లాడో గుక్కపట్టి ఏడుపందుకున్నాడు.

గుమ్మం దాకా వచ్చిన నిద్ర అక్కణ్ణుంచే వెనక్కి తిరిగి పారిపోయింది. ఫోనక్క తువ్వాలు తియ్యలేదు. భూమి రెండు ముక్కలు, హైపర్బోలీ. మాడి మసైపోవడం, అదీ హైపర్బోలీ. కాకులూ అంతే. అన్నీ పిండేసింది. మధ్యలో ఒకటి మాత్రం చేతికి పొడిగా తగిలింది. అది నిద్రపోయి యుగాలైంది. దాన్ని అటు మెలిపెట్టి చూసింది, ఇటు మెలిపెట్టి చూసింది. ఒక్క చుక్క రాలలేదు.

"అమ్మాయ్," అంది అత్తగారు తలుపు సందులోంచి, గుసగుసలాడుతున్నాననుకుంటూ, వీధి చివరిదాకా వినబడేలా. "వాణ్ణి తరిమేశాను. నువ్వు హాయిగా పడుకోవే."

ఫోనక్క తువ్వాలు తీసి మంచం మీద లేచి కూర్చుంది. "టీ తాగుతారా అత్తయ్యా?"